కింది వరుస

పెరంబూరులో వేలానికొస్తే కొన్నాడు కోదండం,
కంటి ఆసుపత్రి వాళ్ల పాత వ్యాను.
సీట్లు పీకి రెండు పరుపులు పరిచాం, ఒక గ్యాసు పొయ్యి,
నెత్తిన డెబ్బై లీటర్ల నీళ్ల ట్యాంకు.
వెనక తలుపుకి అంటించిన అక్షరాల చార్టు మాత్రం
ఎంత గీకినా ఊడి రాలేదు.
"ఉండనీ, పిల్లలకి అరవమైనా వస్తుంది" అంది అత్త.

ఇరవై ఆరు రోజులు.
సముద్రాన్ని కుడిచేతి పక్కనే ఉంచుకుని
ఉత్తరానికి, ఇంకా ఉత్తరానికి,
భీమిలి దాకా.
తన్మయి పటం గీస్తే నీలం పెన్సిలు సగమైంది.
చింతకాయ పచ్చడి, వేయించిన రవ్వ, డబ్బాడు మరమరాలు,
అత్త బీపీ మాత్రలు, ఒక విసనకర్ర.
కరెంటు పోతే పనికొస్తుందట.
వ్యానులో కరెంటే లేదని ఎవరం చెప్పలేదు.

తెల్లవారుజామున నాలుగింటికి
వీధి వీధంతా లేచి టాటా చెప్పింది.
రాయపురం, కాశిమేడు, తిరువొత్తియూరు,
కంటైనరు లారీల తోకలు పట్టుకుని పాకి పాకి
ఎన్నూరు చేరేసరికి ఎండెక్కింది.
అక్కడ బండి రెండుసార్లు దగ్గి
మరి మాట్లాడలేదు.
మీటరు చూశాను. ఇరవై ఒక్క కిలోమీటర్లు.

పంపు పోయింది. ఆ పంపు పుదుప్పేటలో ఒక్కడి దగ్గరే ఉంది.
వాడి కూతురి పెళ్లి. సోమవారం రమ్మన్నాడు.

ఆటో ఎక్కితే
మధ్యాహ్నానికల్లా మా ఫ్యాను కింద మేం.
ఆ మాట ఎవరి నోటా రాలేదు.
టాటా చెప్పిన వీధిలోకి ఏ మొహంతో పోతాం?

ఉండిపోయాం.
ముందు ఏరు సముద్రంలో కలిసే చోటు,
వెనక పొగగొట్టాలు,
రాత్రంతా ఎర్రగా రెప్పలార్పుతూ.
చాప మీద బూడిద, పెరుగు మీద బూడిద.
"ఇదేనా నాన్నా, అందమైన తీరం?" అన్నాడు మకరంద్.
శుభ్రంగానే ఉన్న బోల్టుని
మళ్లీ తుడుస్తూ కూర్చున్నాడు కోదండం.

రెండోనాడు కన్నియమ్మ కనపడింది.
మెడలోతు నీళ్లలో, పళ్ల మధ్య తాటాకు బుట్ట,
అడుగు బురదలో చేతులాడిస్తూ
రొయ్యల్ని తడిమి పట్టేస్తోంది.
చూడదు.
ఈ నీళ్లలో చూడ్డానికేముంది, వేళ్లకి తెలుస్తుంది, అంది.
ముందు బుట్ట నిండేదట. ఇప్పుడు అడుగు కప్పడం లేదు.
యాభై ఇస్తే ముప్పై చాలంది,
మరమరాల డబ్బా వైపు చూసింది.

వ్యానెక్కి మరమరాలు తింటూ
చార్టు చూసి ఒకటే నవ్వు.
ఈ బండి మా కుప్పానికొచ్చింది, నాకు తెలుసు!
చదువు రాదని చెప్పడానికి సిగ్గేసి
ఒక్క అక్షరమూ కనపడట్లేదన్నాను.
పాపం, డాక్టరమ్మ అద్దాలిచ్చింది.
మర్నాడే ఏట్లో పోయాయి.

ఆ రాత్రి గట్టు మీద
చీకట్లో కిందెక్కడో మినుకుమనే వరుసని
ఎడమ నుంచి కుడికి చూపించింది:
అది కాట్టుపల్లి రేవు. అది లంగరేసిన ఓడ.
అది కదులుతోంది చూడు, మా అన్న పడవ.
అత్త కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకుంది.
ఆవిడకి అన్నీ ఒకే మసక.
"మళ్లీ చెప్పు," అంది, బళ్లో కూర్చున్నట్టు.
మళ్లీ చెప్పింది.

పంపొచ్చింది. పోనే పోయాం భీమిలి దాకా.
ఎర్ర దిబ్బలు, లైట్‌హౌసులు,
ఫోనులో ఏడొందల ఫోటోలు.
ఎన్నూరుది ఒక్కటీ లేదు.
తన్మయి పటంలో మాత్రం అక్కడ నీలం మీద
నల్లగా రుద్దిన మరక, రెండు ఎర్ర చుక్కలు.

వ్యాను అమ్మేస్తానంటున్నాడు కోదండం.
ఆ చార్టుతో ఎవడు కొంటాడురా అంటుంది అత్త,
చూపు టీవీ మీద, చేతులు చేటలో.
రాయి తగిలినట్టుంది.
తీసి పక్కన పెట్టింది.